గంగుబాయి మునగచెట్టు

“ఆడ్నే నిలబడు, నేనే తెస్త,” అంటూ గంగుబాయి గడపకు అడ్డం నిలిచింది.

పక్కింటి కోడలు ప్రాజక్త ఎత్తిన కాలు వెనక్కి తీసుకుంది. ఆ ఇంట్లోకి గడప దాటి ఎవరూ పోరు. వచ్చేదైనా పొద్దున ఒక్కసారే, మునగాకు కోసం. నీలం నగర్‌లోని ఆ గల్లీలో నాలుగిళ్ల పప్పులోకి ఆకు గంగుబాయి చేతి మీదుగానే అందుతుంది.

ఆమెకు పిల్లలు లేరు. సాంచెలు అనే మరమగ్గాల మీద చద్దర్లు నేసి నేసి పోయిన భర్త సిద్ధరాములు మిగిల్చి వెళ్లినవి రెండే. ఒకటి ఈ ఒంటి గది, రెండోది వెనక పెరట్లో తాను నాటిన మునగచెట్టు. పెరడు చుట్టూ కార్ఖానా గోడలే కాబట్టి అక్కడేమున్నదీ గల్లీకి కనబడదు. కనబడని చెట్టు పేరు మాత్రం గల్లీ అంతా చెప్పుకుంటుంది.

తెల్లవారగానే గంగుబాయి సంచి పట్టుకొని ఆటోలో మార్కండేయుడి గుడికి పోతుంది. వచ్చాక ఆకు కట్టలు కట్టి, తలుపు తీసి కూర్చుంటుంది. ఆ నలుగురు ఆడవాళ్లూ వచ్చి రెండు మాటలు మాట్లాడి పోతే ఆ రోజుకు మనుషులు అయిపోయినట్టే. ఆ తర్వాత పొద్దుగూకేదాకా సాంచెల చప్పుడు తప్ప ఆమెను పలకరించేది లేదు.

అవ్వను మరాఠీలో ఆజీ అని పిలిచే ప్రాజక్త, నీళ్లోడుతున్న ఆకు కట్ట అందుకుంటూ మెచ్చుకుంది.

“కోసి, కడిగి మరీ ఇస్తవు ఆజీ. అంగన్‌వాడీకి పోయే మా పోరగాండ్లు పప్పు గిన్నె నాకుతుండ్రు. నీ అసొంటి మనిషి ఈ గల్లీల ఇంకొకరు లేరు.”

“ఊకో, నన్ను మునగచెట్టు ఎక్కియ్యకు,” అని గంగుబాయి సిగ్గుపడింది.

ప్రాజక్త చదువంతా మరాఠీలో సాగింది. ఆమెకు మునగ అంటే శెవగా, అంతే. పొగడ్తలకు పొంగిపోవడాన్ని తెలుగులో అలా అంటారని ఆమెకెక్కడ తెలుసు? ముసలామె రోజూ చెట్టెక్కే ఆకు కోస్తోందని భయపడింది. మునగ కొమ్మ అసలే పెళుసు. సాయంత్రానికి ఆకు తీసుకునే మిగతా ముగ్గురినీ, ద్రౌపదిని, రూపాలిని, భావనను, వెంటబెట్టుకొని వచ్చింది.

ఇక మీదట ఆజీ చెట్టెక్కకూడదట. భావన భర్త వైభవ్ ఆదివారం వచ్చి ఆకు కోస్తాడట. పనిలో పనిగా కొమ్మలు కొడితే తలా ఒకటి పాతుకుంటారట. మునగ కొమ్మ నాటితే చాలు, ఈ వానలకే చిగురిస్తుంది. ఏడాది తిరిగేలోపు పిల్లల బలానికి తిండి ఎవరింట్లో వాళ్లకే ఉంటుంది.

“ఇగ నీకు రోజు తిప్పలు తప్పుతది,” అంది ద్రౌపది.

గంగుబాయి లేచి గడపకు అడ్డం నిలిచింది. ఎవరి చెట్టు వాళ్లకుంటే ఈ తలుపు తట్టేదెవరు?

“కొమ్మ లేదు గిమ్మ లేదు. నా పెరట్లకు ఎవ్వలు రావద్దు,” అంది.

మంచికి పోతే ఇదా అని వాళ్లు ముఖాలు మాడ్చుకొని వెళ్లిపోయారు. పిసినారి అన్న మాట గోడ ఇవతలికి కూడా వినబడింది.

మర్నాడు ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ అంతే. వాడిపోతున్న ఆకును చూడలేక గంగుబాయి నాలుగిళ్ల ఆకునూ ఒకే గిన్నెలో వండింది. తినడానికి ఉన్నది ఒక్క నోరు. కంచం ముందే ఏడ్చింది. గోడకవతల ప్రాజక్త కూతురు కాజల్ మునగాకు లేని పప్పు వద్దని మారాం చేస్తోంది.

పసిదాని నోటికాడి ముద్ద ఆపి నేనేం కట్టుకుపోతాను అనిపించింది ఆమెకు. కొమ్మలిస్తే ఇక ఆకు కోసం రాకపోవచ్చు. చిగురేసిందని చెప్పడానికైనా ఒకసారి వస్తారు గదా.

కొంగుతో కళ్లు తుడుచుకొని, మొదటిసారి తానే వెళ్లి ప్రాజక్త తలుపు తట్టింది.

“ఎల్లుండి తలా ఒక కొమ్మ ఇస్త. పెరట్లకు మాత్రం రావద్దు,” అంది. “నేను చెట్టెక్కుత లేను బిడ్డా, ఒట్టు.”

ప్రాజక్త ఆమె చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయి చాయ్ ఇచ్చింది. ఎన్నాళ్లకో గంగుబాయి ఇంకొకరి ఇంట్లో కూర్చొని చాయ్ తాగింది.

తెల్లవారాక ఎప్పటిలాగే సంచి పట్టుకొని బయల్దేరింది. గుడికి బయటినుంచే దండం పెట్టి, కొంతం చౌక్ వైపు నడిచింది. అక్కడ కూరగాయలమ్మే, రోజూ ఆమె సంచి నింపే పెంటప్ప గోనెపట్టా మీద ఆకుకూరలు పరిచి నీళ్లు చల్లుతున్నాడు. తమ గల్లీలో నాలుగిళ్ల వాళ్లు నాటుకుంటారని చెప్పి, రేపు ఐదు మునగ కొమ్మలు తెమ్మంది.

“ఇండ్లు నాలుగే అంటివి గద పెద్దవ్వా,” అన్నాడు పెంటప్ప. “ఐదోది ఎవలికి?”

“నాకే పెంటప్పా, మా చెట్టు పోయిన వానకాలమే కూలిపాయె.”