రంగు కట్టు

"రంగేమైనా మారిందా అమ్మా?"

పక్క మంచం మీది పెద్దాయనకి పొద్దుట్నుంచి ఇదే పని. పాప తల్లికి ఒళ్లు మండింది.

"మారితే మేం చూసుకుంటాం లెండి."

కాలిన గాయాల వార్డు అది. మరుగుతున్న నీళ్లు మీద ఒలికి, ఆమె ఐదేళ్ల కూతురి కాలు తొడ దాకా బొబ్బలెక్కింది. దానికి కొత్తరకం కట్టు వేశారు. నీలంగా ఉన్నంతసేపు భయం లేదు. లోపల చెడ్డ బాక్టీరియా చేరితే కట్టులోని మందు పసుపురంగు తిరుగుతుంది.

"పసుపు కనిపిస్తే వెంటనే పిలవండి. ఆలస్యమైతే కాలు దక్కదు," అని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

ఆ మాట విన్నప్పట్నుంచి తల్లికి కంటి మీద కునుకు లేదు. దానికి తోడు ఈయనొకడు. రొట్టెల బట్టీ దగ్గర పనిచేస్తూ చెయ్యి భుజం దాకా కాల్చుకున్నాడట. తన చెయ్యి సంగతి వదిలేసి, మెడ చాచి మరీ పాప కాలు చూస్తుంటాడు.

పాపకి మాత్రం ఆయనంటే సరదా.

"రంగు తాతా, ఇంకా నీలమే."

"నా బంగారుతల్లే. అలాగే ఉండాలి."

మర్నాడు పాప నిద్రపోతుంటే ఆయన మంచం దిగి వచ్చి, కట్టు మీదికి వంగి చూశాడు.

తల్లి ఇక ఊరుకోలేకపోయింది.

"ఆడపిల్ల కాలు దగ్గర మీకేం పనండీ? ఇంత వయసొచ్చింది, ఆ మాత్రం తెలీదా?"

వార్డంతా ఇటు తిరిగి చూసింది. పెద్దాయన బిక్కచచ్చిపోయాడు.

"తప్పుగా అనుకోకమ్మా. ఇంక అడగను."

ఆమె నర్సుకి చెప్పి మధ్యలో తెర వేయించింది.

ఆ తర్వాత ఆయన నోరు విప్పలేదు. సాయంత్రం తెర వెనక సన్నగా మూలుగు వినిపించింది. మళ్లీ మొదలెట్టాడు అనుకుని ఆమె అటు తిరిగి కూర్చుంది.

తెల్లారాక కట్టు అంచున పసుపు కనిపించింది. ఆమె కేకేస్తే నర్సు పరిగెత్తుకొచ్చింది. పాపని డ్రెస్సింగ్ గదికి తీసుకెళ్లి, కట్టు విప్పి, కడిగి, మందు మార్చారు.

"సమయానికి చూశారు. కాలు దక్కింది," అన్నాడు డాక్టరు.

తల్లి భోరున ఏడ్చింది. ఏడుపు తగ్గాక పెద్దాయన గుర్తొచ్చాడు. పాపం, ఆయన అడిగిందీ ఇదేగా. అనవసరంగా నోరు పారేసుకున్నాను అనుకుంది. వార్డుకి తిరిగి రాగానే, ముఖం చెల్లకపోయినా వెళ్లి తెర పక్కకి లాగింది.

మంచం ఖాళీగా ఉంది. నర్సు దుప్పటి మారుస్తోంది.

"పెద్దాయనేరి?"

"మీరు డ్రెస్సింగ్ గదిలో ఉండగానే పోయారమ్మా. చేతికి లోపల్లోపలే చీము పట్టేసింది. మామూలు తెల్ల కట్టు కదా, పైకేం తెలుస్తుంది? రాత్రంతా జ్వరమున్నా ఎవరికీ చెప్పలేదు. అడిగితే చలేస్తోందని దుప్పటి కప్పుకున్నారు."

తల్లి ఖాళీ మంచం వైపు చూసింది.

"మరి ఆయనకీ రంగు కట్టే వేయాల్సింది కదా?"

నర్సు చేతిలోని దుప్పటి పక్కన పెట్టింది.

"ఉన్నది ఒక్కటేనమ్మా. ఆయన చేతికి వేయబోతుంటే మీరు పాపని ఎత్తుకొచ్చారు. 'నా తోలు బట్టీ సెగకి ఎప్పుడో రాటుదేలింది, అది ఆ పసిదానికి వేయండి, వాళ్లమ్మకి మాత్రం చెప్పకండి, పాపం మొహమాటపడుతుంది' అన్నారు."