రెండో పేరు

“ఆ పిల్లతో మీకు పోటీ ఏమిటి, మిసెస్ ఆగ్డెన్? నలుగురూ నవ్వుతున్నారు, వినపడట్లేదా?” అన్నాడు ఈతశాల కార్యదర్శి థార్న్‌లీ.

హెస్టర్ ఆగ్డెన్ జుట్టును రబ్బరు టోపీలోకి దోపుకుంటూ, “నవ్వనివ్వండి. టిక్కెట్టు కొనుక్కుని వచ్చారుగా,” అంది.

లాంకషైర్‌లోని ఆ మిల్లు ఊళ్లో ఒకప్పుడు హెస్టర్ పేరు తెలియనివాళ్లు లేరు. కాలువలో మైలు పందెం గెలిచింది. ఆడవాళ్ల వాటర్ పోలో జట్టుకు గోల్ కాసింది. ఓసారి బంతి తగిలి ముక్కు పగిలితే, నెత్తురు ఆ నీళ్లలోనే కడుక్కుని ఆట ముగిసేదాకా గోల్ వదల్లేదు. పెళ్లితో అన్నీ ఆగాయి. మొగుడు పోయాక మిల్లే లోకమైంది. ఇన్నేళ్లకు, నలభై దాటాక, మళ్లీ పోటీకి పేరిచ్చింది.

థార్న్‌లీ గొంతు తగ్గించాడు. “ఆడపిల్లలు ఈత దుస్తుల్లో జనం ముందుకు రావడమేమిటని పాదిరిగారు మండిపడ్డారు. తండ్రులంతా కూతుళ్ల పేర్లు వెనక్కి తీసుకున్నారు. మిగిలింది ఎల్సీ, మీరు. మీరూ తప్పుకుంటే పందెం రద్దు. ఒక్కరితో పందెమేమిటి? అందరికీ పరువు దక్కుతుంది.”

“నాకు దక్కదు.”

పక్కనే నిలబడ్డ ఎల్సీ కిసుక్కున నవ్వింది. పదిహేడేళ్ల పిల్ల, బారెడు చేతులు. “మధ్యలో మోకాలు పట్టేస్తే నన్ను పిలవకు. నేను ఆగను.”

“ఆగితే చెంప పగలగొడతా. నోరు కాదు, కాళ్లాడించు.”

తుపాకీ పేలింది. ఇద్దరూ దూకారు.

“ముసలమ్మా, పోయి రొట్టె కాల్చుకో!” గ్యాలరీలోంచి ఎవడో అరిచాడు. ఊపిరి కోసం తల తిప్పినప్పుడల్లా హెస్టర్ చెవిన నవ్వులే పడ్డాయి. కానీ మొదటి మలుపు దగ్గర ఆమెదే ముందంజ. నవ్వులు ఆగిపోయాయి. తర్వాతి మలుపులో ఎల్సీ అందుకుంది. హెస్టర్ వదల్లేదు. గుండెలు మండిపోతున్నా ఆ పిల్ల భుజం పక్కనే తన భుజం ఉంచి తరిమింది. చివరికి మూరెడు తేడాతో ఎల్సీ గోడ తాకింది. ఈతశాల హోరెత్తిపోయింది.

“ఓడిపోయారు. ఇక తృప్తేనా?” అన్నాడు థార్న్‌లీ.

హెస్టర్ గట్టు పట్టుకుని రొప్పుతూ, “వచ్చే ఏడాదికీ నా పేరు రాసుకోండి,” అంది.

“మళ్లీ ఓడిపోతారు!”

“ఓడిపోతాను. పందెం మాత్రం జరుగుతుంది.”

ఎల్సీ వంగి ఆమెను రెండు చేతులా పైకి లాగింది. “మొదట్లోనే అంత జోరేంటి? చచ్చిపోతావనుకున్నా.”

“నువ్వు నిద్రపోతుంటే మరి?”

ఎల్సీ ఆమె కన్నకూతురు.