లిషాన్ అంటే

"అమ్మాయ్, ఆవిడకి చెప్పు. ముందు 'నాలుక' అనే పడాలి," అన్నాడు పండితుడు గోడని చూస్తూ.

"అమ్మాయ్, ఆయనకి చెప్పు. ముందు 'భాష'. బైబిల్లో ఆ అరామిక్ మాట వచ్చిన ప్రతిచోటా జనాలు, జాతులు, భాషలు అనే ఉంది. నాలుక ఊసే లేదు," అంది ఎదుటి బల్ల దగ్గరున్న పండితురాలు.

మధ్యలో కూర్చుని టైపు చేసే అమ్మాయి ఇటుది అటూ, అటుది ఇటూ చెప్పింది. బల్లల మధ్య దూరం చెయ్యి చాస్తే అందేంత. అయినా ఆమె చెప్పాకే ఇద్దరికీ వినపడింది.

మాట 'లిషాన్'. రెండర్థాలూ ఒప్పే. నిఘంటువులో ఏది ముందు వెయ్యాలన్నదే తగువు. ఈ ఒక్క పేజీ కోసం ప్రెస్సువాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. వేరే ఊళ్ళో వచ్చిన ఉద్యోగానికి అమ్మాయి కూడా సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి. పేజీ తెమిలాక ఆ సంగతి వీళ్ళ చెవిన వేద్దామని పొద్దుట్నుంచీ చూస్తోంది. అడకత్తెరలో పోకచెక్కకి అంత తేలిగ్గా విడుదలా!

"నాలుకే లేకపోతే భాష ఎక్కడిదో అడుగు."

"నరం లేని నాలుకని నమ్ముకుని నిఘంటువులు రాస్తారా అని అడుగు."

అమ్మాయికి ఓపిక అయిపోయింది. పండితురాలు మంచినీళ్ళకి లేచినప్పుడు, "సార్, మేడమ్ ఒప్పుకున్నారు. నాలుకే ముందట," అంది. ఆయన చేతులు కడుక్కోడానికి వెళ్ళినప్పుడు, "మేడమ్, సార్ ఒప్పుకున్నారు. భాషే ముందట," అంది.

ఆయన తిరిగొచ్చి కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఆవిడకి చెప్పు. పాపం, అంతగా దిగొచ్చింది కాబట్టి ఆవిడ మాటే ఉంచుదాం. భాషే ముందు."

"అక్కర్లేదని చెప్పు. ఆయన దిగొస్తే నేను దిగిరాలేనా? నాలుకే ముందు."

"భాష!"

"నాలుక!"

ఎవరు పట్టిన కుందేటికి వాళ్ళు మూడే కాళ్ళంటున్నారు. కుందేళ్ళు మాత్రం చేతులు మారాయి.

అమ్మాయి కీబోర్డు పక్కకి నెట్టేసింది.

"ఏదో ఒకటి వేసుకోండి. నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. వెళ్తున్నాను. ఇంక నా వల్ల కాదు."

పండితుడు కళ్ళజోడు తీసి, తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచాడు. పండితురాలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మాయ్, ఆయన్ని అడుగు," అందావిడ. "నువ్వెళ్ళిపోతే మా ఇద్దరి మధ్యా మాటలు ఎవరు మోస్తారో."

అమ్మాయి సంచి భుజాన వేసుకుంది.

"నువ్వే అడుగమ్మా," అంది, పనివేళ పిలుపులు పక్కన పెట్టి. "నాన్న నీ ఎదురుగానే ఉన్నాడు."