రాతి మీద బ్రొక్కోస్

"బ్రొక్కోస్‌ని నిఘంటువులోంచి తీసేస్తున్నాం మాస్టారూ. సోమవారం అచ్చుకి వెళ్తోంది," అంది నిఘంటువు కమిటీలో ఉన్న హెయుల్వెన్, టీ కప్పు కింద పెడుతూ.

ఇద్వాల్ మాస్టారి మొహం పాలిపోయింది. బొరియలు తవ్వే బాడ్జర్‌ని వేల్స్‌లో బ్రోఖ్ అంటారు, ఐర్లండ్‌లో బ్రొక్ అంటారు. రెంటికీ తల్లి రెండువేల ఏళ్ల నాటి బ్రొక్కోస్ అని ఆయన తేల్చారు. "బాడ్జర్" అనాలంటే బ్రొక్కోస్, "బాడ్జర్ యొక్క" అనాలంటే బ్రొక్కీ, "బాడ్జర్‌కి" అనాలంటే బ్రొక్కూయ్. నలభై ఏళ్ల చాకిరీ అది. కాకపోతే ఆ మాట ఎక్కడా రాసి దొరకలేదు. దొరకని మాట ముందు పండితులు ఒక నక్షత్రం గుర్తు పెడతారు, ఇది మేం ఊహించి కట్టిందే సుమా అని. మాస్టారి కాగితంలోనూ బ్రొక్కోస్ ముందు ఆ నక్షత్రం ఉంది.

"ఆ నక్షత్రం చెరిగాక పోదామనుకున్నానమ్మాయ్. నువ్వు ఏకంగా మాటనే చెరిపేస్తున్నావు."

"కమిటీలో నేనొక్కదాన్నే ఏం చెయ్యను? రెండు 'క'లు ఎక్కడివని అందరూ అడుగుతున్నారు. ఆ మాట చెక్కిన పాత రాయి ఒక్కటి చూపించండి, నక్షత్రం నేనే దగ్గరుండి తీయిస్తాను."

పొయ్యి పక్కన కూర్చున్న బావమరిది ఎల్విన్ గొంతు సవరించుకున్నాడు. సమాధి రాళ్లు చెక్కడం అతని పని. చదువు అంతంతమాత్రమే అయినా కాగితం మీద ఏది రాసిస్తే అది రాయి మీదకి దించుతాడు. ఇన్నేళ్లలో ఒక్క గీత తప్పు పోలేదని అతని గొప్ప.

"రాయి ఉంది బావా. మన గొర్రెల దొడ్డి గోడలో. ఏవో పాత అక్షరాలున్నాయి."

"నీకు అక్షరాలేం తెలుసురా?"

"తెలీదు కాబట్టే చెప్తున్నా. వచ్చి చూడు."

ముగ్గురూ తుంపరలో తడుస్తూ దొడ్డికి వెళ్లారు. రాయి నిండా నాచు, బురద. మాస్టారికి చూపు సరిగా ఆనదు. వంగి వేళ్లతో తడిమారు.

"బ... ర... ఒ... క..." వేలు ఆగింది. "మళ్లీ క."

ఆయన కళ్లు తడిశాయి. తడిమిందే మళ్లీ తడిమారు. "నాదే తప్పు మాస్టారూ. కమిటీకి ఇవాళే ఫోన్ చేస్తాను," అంది హెయుల్వెన్.

ఎల్విన్ గోడకి ఆనుకుని నిలబడి బావ మొహమే చూస్తున్నాడు. ఆ మొహంలో అంత సంతోషం అతను చూసి చాలా ఏళ్లయింది.

"ఫోటో తీసుకెళ్తాను," అని హెయుల్వెన్ రుమాలు తడిపి, రాయి ఎడమ అంచున ఉన్న బురద తుడిచింది.

'బ' ముందు, మాస్టారి కాగితంలో ఉన్నట్టే, నక్షత్రం కూడా ముచ్చటగా చెక్కి ఉంది.