మిరపనారు తగువు

"నా మిరపనారు పీకిందెవరో తేలేదాకా ఇక్కణ్ణించి ఒక్కరు కూడా కదలడానికి వీల్లేదు" అన్నాడు డ్రైవరు, తోట గేటుకు అడ్డంగా నిలబడి.

సాయంత్రం నీళ్ళు పెడుతున్నవాళ్ళు ఎక్కడి పని అక్కడ ఆపారు. మేడల వెనక, కూలిపోయిన గోదాము జాగాలో, ఆ సందుల్లోవాళ్ళే పెంకులేరి, చెత్త మోసి, తలా ఒక మడి చేసుకున్న తోట అది. వాళ్ళంతా ఒకప్పుడు కొండల మీంచి దిగివచ్చిన కుటుంబాలవాళ్ళు. డ్రైవరొక్కడే బయటివాడు. బస్సు ఉద్యోగం నుంచి రిటైరై ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడని, వాళ్ళలో పెద్దదైన అవ్వే పిలిచి మూలమడి ఇచ్చింది. ఆ మడి లేకపోతే అతనికి మళ్ళీ ఆ గోడే గతి.

"ఎవరు పీకారు?" అని రెట్టించాడు.

దర్జీ చెయ్యెత్తాడు. ఇస్త్రీ ఆవిడ ఎత్తింది. పంక్చర్లేసే అతను చేతికున్న బురద ప్యాంటుకు తుడుచుకుని మరీ ఎత్తాడు.

డ్రైవరు ఎత్తిన చేతుల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. దొంగ దొరక్కపోతే ఏం చెయ్యాలో ఆలోచించుకుని వచ్చాడు గాని, ఇంతమంది ఒక్కసారే దొరికిపోతే ఏం చెయ్యాలో ఆలోచించుకోలేదు.

"సిగ్గు లేదూ మీకు?"

"సిగ్గెందుకన్నా? నీ నారు పొంకంగా ఉంది. రెండు మొక్కలు తెచ్చి వేసుకున్నా. చక్కగా కుదురుకున్నాయి" అన్నాడు దర్జీ, కుట్టిన చొక్కా గురించి చెబుతున్నట్టు.

"అడిగితే ఇచ్చేవాణ్ణిగా."

ఇస్త్రీ ఆవిడ చెవులు మూసుకుంది. "అంత మాట అనకన్నా" అంది.

అవ్వ బోర్లించిన బకెట్టు మీంచి మెల్లగా లేచింది. ఆ తోటకు పెత్తందారు అంటూ ఎవరూ లేరు గాని, ఆమె లేస్తే మిగతావాళ్ళు సర్దుకుని నిలబడతారు.

"నీ ఫిర్యాదు అయింది కదా నాయనా. ఇక మాది విను. నీకీ మడి ఉంచాలా, తీసెయ్యాలా అని కొన్నాళ్ళుగా మాట్లాడుకుంటున్నాం."

"నా మడా? నేనేం చేశాను?"

"నువ్వే చెప్పు. మాలో ఎవరి మడిలోనైనా ఎప్పుడైనా చెయ్యి పెట్టావా?"

"ఒట్టు అవ్వా. ఒక్క ఆకు ముట్టుకోలేదు. నాకు కావలసిన నారంతా దుకాణంలో కొనుక్కొచ్చుకుంటాను."

అందరి మొహాలూ వాడిపోయాయి.

"విన్నారుగా, కొనుక్కొస్తాడట" అంది అవ్వ నీరసంగా.

"బస్సు నడిపినన్నాళ్ళూ ఎవరైనా సీట్లో గొడుగు మర్చిపోతే అదైనా ఇంటికి పట్టుకుపోయినవాణ్ణి కాదు" అన్నాడు డ్రైవరు. వాళ్ళ మొహాలు ఇంకా ముడుచుకున్నాయి.

"మొన్న నువ్వొస్తుంటే నేను కావాలనే అటు తిరిగి కూర్చున్నా" అన్నాడు దర్జీ నిష్ఠూరంగా. "నా టమాటా మడి పక్కన ఎంతసేపు నిలబడ్డావు. తిరిగి చూస్తే ఒక్క మొక్కా తగ్గలేదు."

"అంటే నన్ను పట్టుకుందామని కాపు కాశావన్నమాట."

"అది కాదన్నా, నువ్వు గనక..."

"నోర్ముయ్. చెప్పకూడదు" అంది అవ్వ.

"ఏం చెప్పకూడదు?"

పంక్చర్లతను ఆకాశంకేసి చూశాడు.

"రేపట్నుంచి ఆ మూలమడి మా సందు పాలాయన చూసుకుంటాడు" అంది అవ్వ. "మాకూ కష్టంగానే ఉంది నాయనా. కానీ మాతో కలవనివాడితో మట్టి ఎలా పంచుకుంటాం?"

డ్రైవరుకు ఒళ్ళు మండిపోయింది. పీకినవాళ్ళేమో దర్జాగా నిలబడ్డారు, పీకనివాడికేమో మడి పోయింది. ఏది బ్రేకో ఏది యాక్సిలరేటరో తెలియని బండెక్కినట్టుంది. విసురుగా వెళ్ళి, అవ్వ మడిలో చేతులు పెట్టి, వంగనారు ఒక గుప్పెడు మట్టితో సహా పెళ్ళగించాడు.

"ఇదిగో, నేనూ దొంగనే. చాలా?"

ఆ నారు చొక్కా జేబులో కుక్కుకుని, గేటు వైపు నడిచాడు.

వెనకనుంచి తిట్లు వస్తాయనుకున్నాడు. రాలేదు. ఎవరో ముక్కు చీదిన చప్పుడైంది. తిరిగి చూస్తే దర్జీ నవ్వుతున్నాడు, అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"ఎక్కడికి నాయనా, వాడిపోకముందే వెళ్ళి నీ మడిలో నాటుకో" అంది అవ్వ. "అడిగి తెచ్చుకుంటే నారు వేరు పట్టదని మా తాతల కాలం నుంచీ ఒకరిది ఒకరం ఎత్తుకుపోతాం, 'ఎత్తుకుపో' అని చెప్పి తీయించినా ఇచ్చినట్టే లెక్క, అందుకే నీకు చెప్పలేదు. ఇన్నాళ్ళూ మా మొక్కలు నీ కంటికి దొంగతనానికైనా ఆనలేదని ఎంత కుమిలిపోయామో."