రెండు పొరల అద్దం

అద్దం పగిలిన చప్పుడు వినగానే హనుమేశ్ గుండె ఆగినంత పనైంది.

రేపే పావగడ సోలార్ పార్కులో కొత్త ఆఫీసు ప్రారంభం. సూపర్‌వైజర్‌గా పొద్దుటినుంచి అతను నిలిచిన చోట నిలవలేదు. గోడలన్నీ రెండు పొరల అద్దాలు, మధ్యలో గాలి. బయటి వేడి లోపలికి రాదు, ఏసీ కరెంటు మిగులుతుంది. చప్పుడు కూడా అటూ ఇటూ దాటదు. ఈ పూట ఒక్క అద్దం పగిలినా అతని ఉద్యోగం ఊడినట్టే.

పరిగెత్తుకొచ్చి చూస్తే, ఆ రోజే కొత్తగా కూలికొచ్చిన ఆడమనిషి రాయి పట్టుకుని నిలబడి ఉంది. బయటి పొర అంతా చిట్లిపోయి లోపల ఏమీ కనపడటం లేదు.

"ఏందమ్మా ఈ పని? మతి ఉండాదా నీకు?"

ఆమె పలకలేదు. లోపలికి వేలు చూపించింది.

"ఆడేముండాది? మా తమ్ముడు నేలకి రంగేస్తా ఉండాడు. నీకేం కావాల?"

ఆమె మళ్లీ రాయెత్తింది. అతను చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుని లోపలి పొర కూడా బద్దలు కొట్టింది.

హనుమేశ్‌కి ఒళ్లు మండిపోయింది. మండదా మరి? జబ్బ పట్టుకుని గేటుదాకా ఈడ్చుకుపోయాడు.

"మళ్లా ఈ పక్క కనపడినావంటే ఊరుకోను."

బయటికి తోసి గేటు వేశాడు. ఆమె మట్టిలో పడింది.

తిరిగొచ్చి, ఎంత పాడైందో చూద్దామని పగిలిన చోట వంగాడు. ఘాటైన రంగు వాసన గుప్పుమంది. అద్దం కిందే తమ్ముడు ఓబులేష్ స్పృహ లేకుండా పడి ఉన్నాడు.

కూలీలంతా కలిసి తలుపు పగలగొట్టి అతన్ని బయటికి లాక్కొచ్చారు. నీళ్లు చల్లితే కళ్లు తెరిచాడు.

"తాళం పట్టేసిందన్నా. ఊపిరాడలే. గొంతు పోయేట్లు అరిచినా, ఒకరూ రాలే. ఆ కొత్త కూలామె ఒక్కతే అద్దానికి మొహం ఆనించి చూసింది. అది పగిలి గాలి రాబట్టి బతికినా."

హనుమేశ్ గేటు దగ్గరికి పరిగెత్తాడు. రోడ్డు మీద ఎవరూ లేరు. ఆమెను కూలికి పిలుచుకొచ్చిన మారక్క నీళ్ల బిందెతో ఎదురొచ్చింది.

"అక్కా, ఆమె యాడ? నేను ఆమె కాళ్లు పట్టుకోవాల."

"ఆటో ఎక్కి ఏడ్చుకుంటా పాయె. ఇంగ ఈ పక్కకి రాదులేప్పా."

అతనికి ఏడుపు ముంచుకొచ్చింది.

"చుట్టూ ఇంతమందిమి ఉండాము. ఎవురికీ వినపడని అరుపు ఆమెకెట్ల వినపడింది?"

మారక్క బిందె దించింది.

"ఆమెకి యాడ వినపడతాదప్పా, పుట్టుచెవుడు, చిన్నప్పట్నుంచి మనుషుల నోళ్లు చూసే మాట తెలుసుకుంటాది."