చీమ దూరని బీరువా

సొరుగు లాగగానే ఆల్చిప్పలకు బదులు తెల్లటి పిండి కనిపించింది. మ్యూజియం క్యూరేటరమ్మ వేలు పెట్టి చూస్తే పొడిపొడిగా అంటుకుంది.

అవి మామూలు ఆల్చిప్పలు కావు. ఏడు కోట్ల ఏళ్లు మట్టిలో ఉన్నా రాయిగా మారలేదు. సున్నపు పొరలూ, వాటి మధ్య ఆనాటి జీవి అల్లుకున్న సన్నని చర్మమూ చెక్కుచెదరలేదు. అవి దొరికిన గుట్ట ఇప్పుడు జలాశయం అడుగున ఉంది. ఆ చర్మాన్ని పరీక్షించడానికి రేపు పరిశోధకులు వస్తున్నారు. ఇరవై ఏళ్లుగా ఆమె కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూసింది ఆ రేపటి కోసమే.

సొరుగులోంచి వెనిగర్ వాసన గుప్పుమంది. అద్దాలు తుడిచే ఆయా చేతిలో ఎప్పుడూ ఉండేది ఆ సీసానే. ఆయాను పిలిచి దులిపేసింది. తాళంచెవి మీ మెడలోనే ఉంటుంది కదమ్మా అని ఆయా మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. ఆ సొరుగుల బీరువాను క్యూరేటరమ్మ భర్త, పేరున్న వడ్రంగి, మూడేళ్ల కిందట కొత్త చెక్కతో చేసిచ్చాడు. చీమ కాదు కదా, గాలి కూడా దూరదు. తేమ తగులుతుందని ఆమె అప్పటినుంచీ దాన్ని తెరవనేలేదు.

"రేపట్నుంచి పనిలోకి రావద్దు" అనేసింది.

ఆయా ఏడవలేదు. సంచిలోంచి వేలిగోరంత ఆల్చిప్ప ముక్క తీసి బల్లమీద పెట్టింది.

"బీరువా సర్దిన రోజు, విరిగిందని మీరే చెత్తబుట్టలో పడేశారు. బాగుందని మా కిటికీలో పెట్టుకున్నా. రేపు దొంగతనం కూడా నా నెత్తిన రుద్దుతారేమో, తీసుకోండి" అని వెళ్లిపోయింది.

ముక్క రంగురంగులుగా మెరుస్తోంది. క్యూరేటరమ్మ గబగబా సొరుగులన్నీ లాగింది. ఆల్చిప్పలు పెట్టిన అన్నింట్లోనూ పిండే. అట్టడుగుది ఇంతవరకూ ఏమీ పెట్టని ఖాళీ సొరుగు. అందులో తలపెట్టి వాసన చూసింది. అదే పులుపు. వాసన చెక్కదే. మూడేళ్లుగా చెక్కలోంచి ఊరిన ఆవిరి బయటికి దారిలేక ఆల్చిప్పల్ని తినేసింది. దిక్కుమాలిన చెత్తబుట్టలో పడ్డది మాత్రం బతికింది.

ఆయాను వెనక్కి పిలుద్దామని గుమ్మం దాకా పరుగెత్తింది. కబురందుకున్న భర్త పనిముట్ల సంచితో ఎదురొచ్చాడు. ఆమెను లోపలికి తీసుకొచ్చి, పిండి చూసి, బీరువా తలుపుల అంచులు తడిమి, పక్కన కూలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పు నాదేనే. ఎక్కడో సందు వదిలేసుంటాను. ఏడవకు, ఆ మిగిలిన ముక్కకి ఈసారి సందన్నదే లేకుండా చెక్కపెట్టె చేసిపెడతా."